క్రూయిజ్ రద్దయ్యేలా ఉంటే వీసా డబ్బులు కట్టాలా, ఆగాలా?

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో రెండు భాషలూ. ఇక్కడి తెలుగువాళ్లం టూరైనా, పెద్దాసుపత్రి అయినా, పిల్లల కోచింగైనా విశాఖ వైపు చూస్తాం. సర్కారు కాగితం అనేసరికి మాత్రం భువనేశ్వర్ వైపు తిరగాల్సిందే. గత ఏడాది మేం పెట్టుకున్న క్రూయిజ్ ప్రయాణంలో ఈ రెండు దిక్కులూ చాలక కోల్‌కతా కూడా వచ్చి చేరింది. ఓడ బయల్దేరుతుందో లేదో ఎవరూ చెప్పలేని రోజుల్లో వీసాకి డబ్బు కట్టాల్సి వచ్చింది. ఆ లెక్కలు, ఆ టెన్షన్, చివరికి ఏం వచ్చింది, ఏం పోయింది అన్నదే ఇది. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

క్రూయిజ్ పిచ్చి మా ఇంట్లోకి తెచ్చింది మా బావగారు. ఆయనది కొరాపుట్ జిల్లా జయపురంలో ఉద్యోగం. 2022లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకి క్రూయిజ్ ఓడ తిరగడం మొదలయ్యాక అందులో వెళ్లొచ్చారు. అప్పటినుంచి ఎప్పుడు కలిసినా ఆ ఓడ కబుర్లే. 2025 ఫిబ్రవరిలో విశాఖలోని ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర మధ్యధరా సముద్రం క్రూయిజ్ ప్యాకేజీ చూశారు. రోమ్ దగ్గర చివిటావెక్కియా రేవులో ఎక్కితే జెనోవా, మార్సెయి, బార్సిలోనా, ట్యునీషియాలోని లా గులెట్, పలెర్మో చూపించి మళ్లీ అక్కడే దించుతారు. ఎక్కే ముందు ఒక రాత్రి రోమ్‌లో హోటల్ కూడా కలిపి ఉంది. అక్టోబర్ మొదట్లో ప్రయాణం కాబట్టి పూజ సెలవులు కలిసొస్తాయి. నేను టీచర్‌ని, మా ఆయనకి మందుల షాపు. మేమిద్దరం, పదకొండేళ్ల మా బాబు, అత్తగారు, జయపురం నుంచి బావగారు, అక్క. మా నలుగురికీ విమానం కాకుండా మూడున్నర లక్షల దాకా అయింది. ఫిబ్రవరిలో అడ్వాన్సు, మిగతాది జులై మొదటి వారంలోపు.

ఏజెంట్ తెలుగువాడే, మాట మంచిదే. వీసా మాత్రం హైదరాబాద్‌లో అయిపోతుందని అన్నాడు. అక్కడే మొదటి చిక్కు వచ్చింది. యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఒకటే ఇచ్చే షెంజెన్ వీసాకి ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మా రూట్లో ఇటలీ రేవులే ఎక్కువ, పైగా రోమ్ హోటల్ కూడా ఉంది, కాబట్టి ఇటలీ. ఒడిశా అడ్రసు ఉన్నవాళ్లు ఇటలీకి కోల్‌కతా కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. మనం మాట్లాడేది ఏ భాషో వాళ్లకి పట్టదు, ఆధార్ మీద ఉన్న రాష్ట్రమే లెక్క. మాకు ఆంధ్రలోని ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు. అక్కడ ఉన్నా ఇంకో లెక్క అయ్యేది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఓడ మధ్యలో ట్యునీషియాకి వెళ్లి వస్తుంది. అది షెంజెన్ బయట. పలెర్మోకి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ కొత్తగా ప్రవేశించినట్టే. సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే అక్కడ ఆపేస్తారు. అందుకని మల్టిపుల్ ఎంట్రీ అడగాలి. ఏజెంట్ నింపి పంపిన ఫారంలో సింగిల్ అని ఉంది, నేనే మార్పించాను. క్రూయిజ్‌కి వెళ్లేవాళ్లు రేవుల జాబితా పక్కన పెట్టుకుని ఏది షెంజెన్, ఏది కాదు అని టిక్కు పెట్టుకోవడం మంచిది. ఈ పని మీ బదులు ఇంకెవరూ చెయ్యరు.

దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అవసరమనుకుంటే 45 రోజుల దాకా పట్టొచ్చు. వేసవి కాబట్టి దరఖాస్తు ఇచ్చే స్లాట్లు దొరకడం కష్టమైంది. చివరికి మా ఆరుగురికీ జులై నడిమధ్యలో ఒకే రోజు దొరికాయి.

జూన్ చివర్లో ఏజెంట్ దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. మేం ఎక్కాల్సిన ఓడ మరమ్మతులకి డాక్‌లో ఉంది, పని అనుకున్న సమయానికి పూర్తి కాలేదు, అందువల్ల ముందున్న కొన్ని ట్రిప్పులు రద్దు చేశారు, మీ తేదీ ప్రస్తుతానికి అలాగే ఉంది అని దాని సారాంశం. ఆ ‘ప్రస్తుతానికి’ చూసిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. జులై మొదటి వారంలో బ్యాలెన్స్ కట్టాలి, ఆ తర్వాత వారం పది రోజుల్లో కోల్‌కతాలో వీసా డబ్బులు కట్టాలి. ఓడ సంగతి ఎప్పుడు తేలుతుందో కంపెనీకే తెలియదు.

అత్తగారు తేల్చేశారు. “ఏటమ్మా, ఓడ నీళ్లలోకి దిగకముందే మన డబ్బు మునిగిపోతే ఎలాగ? వద్దని చెప్పేయండి.”

మా ఆయన కూడా మొదట అదే అన్నారు. అడ్వాన్సు పోతే పోయింది, మిగతాది కాపాడుకుందాం అని. వినడానికి తెలివైన మాటలాగే ఉంది. నేను కాంట్రాక్టు తీసి చదివాను. క్రూయిజ్ కంపెనీలు ఇచ్చే ఆ షరతుల కాగితం చాలా పొడవు, అక్షరాలు చిన్నవి. ఎవరూ చదవరు. కానీ ఇలాంటప్పుడు అందులో చూడాల్సింది ఒకటే: ముందు రద్దు చేసేది ఎవరు?

మనం రద్దు చేసుకుంటే తేదీ దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది. మా కాంట్రాక్టు ప్రకారం 90 రోజుల ముందైతే అడ్వాన్సు పోతుంది. ఆ తర్వాత పావు వంతు, సగం, ముప్పావు వంతు అలా పెరిగి చివరి రెండు వారాల్లో మొత్తం పోతుంది. బ్యాలెన్స్ గడువులోపు కట్టకపోయినా మనమే రద్దు చేసుకున్నట్టు లెక్క. అదే కంపెనీ రద్దు చేస్తే మొత్తం టిక్కెట్టు డబ్బు తిరిగి ఇవ్వాలి, లేదా వేరే తేదీ ఇవ్వాలి. అంటే ఓడ నిజంగా రద్దయ్యేదే అయితే, భయపడి మనం ముందే చెయ్యెత్తేయడం వల్ల మనకి రావాల్సిన డబ్బు మనమే వదులుకున్నట్టవుతుంది. రద్దు కాకపోతే ప్రయాణం ఎలాగూ ఉంది. రెండు విధాలా ముందు మనం మాట జారకూడదు.

మరి వీసా సంగతి? అదే కాంట్రాక్టులో ఇంకో చోట ఉంది: పాస్‌పోర్ట్, వీసా ప్రయాణికుడి బాధ్యత. వీసా లేక ఎక్కలేకపోతే, వీసా తిరస్కరించినా సరే, కంపెనీ డబ్బు వాపసు ఇవ్వదు. అది మనం రద్దు చేసుకున్న లెక్కలోకే వెళ్తుంది. కంపెనీ రద్దు చేసినా వీసా ఖర్చు మాత్రం ఇవ్వదు. కాన్సులేట్ కూడా ఇవ్వదు. ఎందుకంటే ఆ రుసుము మన దరఖాస్తు పరిశీలించినందుకు, వీసా ఇచ్చినందుకు కాదు. వీసా వచ్చినా రాకపోయినా, మనం వెళ్లినా మానినా తిరిగి రాదు. నిబంధనల్లో ఉన్న మినహాయింపు చిన్నది. గడువు దాటిందనో, ముఖ్యమైనవి లేవనో అసలు స్వీకరించడానికే వీల్లేదని తేలిస్తే ఫారం, కాగితాలతో పాటు రుసుము కూడా వెనక్కి ఇవ్వాలి. మాలాంటి కేసుకి అది పనికిరాదు.

కాబట్టి లెక్క ఇలా తేలింది. వీసాకి వెళ్లి ఓడ రద్దయితే మా నలుగురి మీద నలభై అయిదు వేల దాకా నష్టం. వీసాకి వెళ్లకుండా ఉండి ఓడ బయల్దేరితే మూడున్నర లక్షలకి ఎసరు. ఈ రెండూ కాగితం మీద పక్కపక్కన రాసి చూపించాక మా ఆయన మరి మాట్లాడలేదు. అత్తగారు మాత్రం, “మీ ఇష్టం, నన్ను అడక్కండి” అన్నారు. ఆవిడ అంటే ఒప్పుకున్నట్టే.

స్లాట్ వెనక్కి జరిపితే ఎలా ఉంటుందని కూడా చూశాం. ఓడ సంగతి తేలేదాకా ఆగి అప్పుడు డబ్బు కడదామని. ఆగస్టులో ఆరుగురికీ కలిపి ఖాళీ లేదు. 45 రోజుల దాకా పట్టే అవకాశం ఉందంటే ఆగస్టు పదిహేను దాటాక వెళ్లడం జూదమే. అందుకని ఉన్న తేదీకే వెళ్లాలని నిర్ణయం. దానికి ముందు ఏజెంట్‌కి మెయిల్ పెట్టి, మా బుకింగ్ నంబరు రాసి, ఈ తేదీ ప్రయాణం యథాతథంగా ఉందని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించమన్నాను. ఫోన్లో “ఏం భయం లేదు మేడమ్” అని చెప్పడం వేరు, కాగితం మీద రావడం వేరు. రెండు రోజుల్లో వచ్చింది. తర్వాత చాలా చోట్ల ఆ మెయిలే మాకు అక్కరకొచ్చింది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్యాంకు సీలుతో స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, నా స్కూలు నుంచి సెలవు మంజూరు లెటర్, షాపు లైసెన్సు, క్రూయిజ్ బుకింగ్, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకి సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్, ఫోటోలు. అందరికీ ఉండేవే. మా ప్రాంతం వాళ్లకి అదనంగా ఉండే బాధ ఒకటుంది. మా కాగితాలు సగం ఒడియాలో ఉంటాయి. అత్తగారి ఫ్యామిలీ పెన్షన్ కాగితం, మా పెళ్లి సర్టిఫికెట్ రెండూ ఒడియావే. ఇంగ్లిష్‌లోకి అనువాదం చేయించి నోటరీ వేయించాం. ఒక దాంట్లో అత్తగారి పేరు ఒడియా పలుకుబడిలో ఉంటే, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుతో సహా తెలుగు పలుకుబడిలో ఉంది. అనువదించేటప్పుడే పాస్‌పోర్ట్‌లోని స్పెల్లింగ్ చూపించి, రెండూ ఒకరివే అని అఫిడవిట్ జత చేశాం. బరంపురం కోర్టు దగ్గర ఇలాంటివి రోజూ చేస్తుంటారు, వాళ్లకి కొత్తేమీ కాదు.

మేం ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో కోల్‌కతా వెళ్లాం. బావగారు వాళ్లు జయపురంలో సామలేశ్వరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చారు. వాళ్ల ప్రయాణం మాకంటే చాలా ఎక్కువ, అదీ ఒక్క పూట వేలిముద్రల కోసం. రైల్లో అత్తగారు వాళ్ల తాతగారి కథ ఎత్తుకున్నారు. ఆయన గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగం వెళ్లారట. రంగూన్‌ని పాతవాళ్లు రంగం అనేవారు. గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి కూలీకి, వ్యాపారానికి వేలమంది అలా వెళ్లారు. 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి వీసా అడిగేవాడే లేడు. “మా తాతకి ఓడ ఖర్చొక్కటే. మనకి ఓడ లేకుండానే ఖర్చు” అన్నారు ఆవిడ. పక్క బెర్తు వాళ్లు కూడా నవ్వారు.

డబ్బు విషయానికొస్తే, 2024 జూన్ 11 నుంచి షెంజెన్ వీసా రుసుము పెద్దవాళ్లకి 90 యూరోలు. అంతకుముందు 80 ఉండేది. ఆరేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకి 45. ఆరేళ్ల లోపు వాళ్లకి లేదు. మా నలుగురికి 315 యూరోలు అయింది. యూరో అప్పుడు వంద రూపాయలకి అటూ ఇటూగా ఉంది. దాని మీద దరఖాస్తు కేంద్రం సర్వీసు చార్జీ, పాస్‌పోర్ట్ ఇంటికి పంపే కొరియర్. ఎస్ఎంఎస్ కావాలా, లాంజ్ కావాలా, ఫోటోకాపీ కావాలా అని అడుగుతారు. అవన్నీ మన ఇష్టం, వద్దంటే ఏమీ అనరు. ఇన్సూరెన్స్ ప్రీమియం అత్తగారిదొక్కటే మా ముగ్గురిదీ కలిపినంత అయింది, వయసు వల్ల. బాబుకి వేలిముద్రలు తీయలేదు, పన్నెండేళ్ల లోపు పిల్లలకి అవసరం లేదు.

విమానం టిక్కెట్ల దగ్గర మా రెండు కుటుంబాలూ విడిపోయాయి. రేట్లు పెరిగిపోతున్నాయని ఏజెంట్ రోజూ ఫోన్. వీసాకి టిక్కెట్ కొని ఉండాల్సిన పని లేదు, రిజర్వేషన్ చూపిస్తే చాలు. వీసా వచ్చాక, ఓడ సంగతి తేలాక కొంటానని నేను ఆగాను. బావగారు చవగ్గా వచ్చాయని డబ్బు వాపసు రాని టిక్కెట్లు కొనేశారు. ఆయన్ని తప్పు పట్టను. ఓడ రద్దు కాకపోయి ఉంటే మేమే ఎక్కువ పెట్టి కొనేవాళ్లం, ఆయన నవ్వేవారు. అనుమానం ఉన్న రోజుల్లో మాత్రం ఒకదాని మీద ఒకటి తిరిగిరాని ఖర్చులు పేర్చుకుంటూ పోవడం నాకు నచ్చదు. వీసా రుసుము తప్పించుకోలేం. టిక్కెట్టు వాయిదా వేసుకోగలం.

ఆగస్టు మొదట్లో కొరియర్‌లో పాస్‌పోర్ట్‌లు వచ్చాయి, ఆరుగురికీ వీసా. ఇంట్లో సంబరం. ఆ నెల సగం గడిచేసరికి మెయిల్ వచ్చింది: మరమ్మతు ఇంకా పూర్తి కాలేదు, అక్టోబర్ ట్రిప్పులు రద్దు. రెండు అవకాశాలు ఇచ్చారు. మొత్తం డబ్బు వాపసు, లేదా 2026లో వేరే తేదీ, దాంతో పాటు ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి కొంత క్రెడిట్. వీసా ఖర్చు గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఉండదని మాకు ముందే తెలుసు. అయినా అడిగి చూశాం. ప్రయాణ పత్రాలు ప్రయాణికుల బాధ్యత అని ఆ షరతే మళ్లీ పంపారు. కంపెనీ మెయిల్ భాష అయినా మర్యాదగా ఉంది.

అసలు గొడవ ఏజెంట్‌తో మొదలైంది. మెయిల్ వచ్చిన గంటలోనే ఫోన్ చేసి, “వాపసు అంటే తొంభై రోజులు పడుతుంది మేడమ్, తేదీ మార్చుకోండి, క్రెడిట్ కూడా వస్తుంది” అన్నాడు. ఎందుకు అంత తొందరో అర్థం చేసుకోవచ్చు. బుకింగ్ ఉంటే కమీషన్ ఉంటుంది, వాపసు ఇస్తే ఉండదు. ఆలోచించుకుని చెప్తానని పెట్టేసి, మర్నాడు వాపసే కావాలని మెయిల్‌లోనే రాశాను. జవాబులో తలకి అయిదు వేలు క్యాన్సిలేషన్ చార్జీ, కట్టిన జీఎస్టీ వాపసు రాదు, ప్యాకేజీ అమ్మేటప్పుడే వసూలు చేసిన టీసీఎస్ పన్ను రాదు అని ఒక లెక్క పంపాడు. క్రూయిజ్ కంపెనీ మొత్తం వాపసు అంటుంటే, మధ్యలో ఇతనికి ఇంత ఎక్కడ ఆగుతోంది?

ఒక్కొక్కటే తీసుకున్నాం. క్యాన్సిలేషన్ చార్జీ మనం రద్దు చేసుకుంటే పడేది. ఇక్కడ మేం రద్దు చేసుకోలేదు. కంపెనీ మెయిల్, జులైలో తెప్పించిన ఆ ‘యథాతథంగా ఉంది’ మెయిల్ రెండూ జత చేసి, ఇది ఏ షరతు కింద కోస్తున్నారో చూపించమని అడిగాను. జీఎస్టీ సంగతి మా ఊరి ఆడిటర్ గారు చెప్పారు. సేవ అందించనప్పుడు అమ్మినవాళ్లు క్రెడిట్ నోట్ (బిల్లు తగ్గించినట్టు చూపే కాగితం) ఇచ్చి ఆ పన్ను తమ లెక్కల్లో సర్దుకోవచ్చు. దానికి గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30. మా అడ్వాన్సు బిల్లు 2024-25లోది, కాబట్టి 2025 నవంబర్ 30 దాకా టైముంది. అది కూడా రాశాను. జవాబు లేదు. ఇంకో వారం చూసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు చెల్లింపు అయితే ఫీజు కూడా లేదు, అవసరమైతే గంజాం జిల్లా కమిషన్‌లో వేస్తాం అని మర్యాదగానే ఇంకో మెయిల్ పెట్టాను. విశాఖ నుంచి బరంపురం వచ్చి వాయిదాలకి హాజరవ్వాలంటే ఎవరికైనా ఆలోచన వస్తుంది కదా. రెండు మూడు రోజుల్లో ఫోన్ వచ్చింది. గొంతు మారింది.

చివరికి వీసా ఫారాలు నింపి, స్లాట్లు బుక్ చేసి పెట్టినందుకు తీసుకున్న ఫీజు మాత్రం ఉంచుకున్నాడు. ఆ పని నిజంగానే చేశాడు కాబట్టి నేనేమీ అనలేదు. ప్యాకేజీ డబ్బు జీఎస్టీతో సహా రెండు విడతలుగా బ్యాంకులో పడింది, రెండోది దీపావళి దాటాక. ఒక చిన్న తేడా గమనించాం. కార్డు మీద కట్టిన భాగం కార్డుకే తిరిగి వచ్చింది, అది ముందు వచ్చింది. ఎన్ఈఎఫ్‌టీ చేసిన భాగానికే ఆలస్యం. కార్డు అయితే అవసరమైనప్పుడు బ్యాంకు ద్వారా డిస్ప్యూట్ పెట్టుకునే దారి కూడా ఉంటుంది. పెద్ద మొత్తాలు కట్టేటప్పుడు అదనపు చార్జీ పడినా నేను మాత్రం ఇకమీదట కార్డే వాడతాను.

టీసీఎస్ గురించి ఏజెంట్ చెప్పింది సగం నిజం. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మినప్పుడు ఏజెంట్ వసూలు చేసి మన పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకి జమ చేసే డబ్బు అది. మాకు అప్పటి రేటు 5 శాతం. ఒకసారి జమ చేశాక ఏజెంట్ జేబులో ఉండదు కాబట్టి అతను తిరిగి ఇవ్వకపోవచ్చు, కానీ మనకి పోయినట్టూ కాదు. మన పాన్ మీద జమైన పన్నులు చూపే పట్టికలో (అప్పట్లో ఫారం 26ఏఎస్) కనిపిస్తుంది, రిటర్న్‌లో చూపించి పన్నులో సర్దుకోవచ్చు, లేదా వాపసు తీసుకోవచ్చు. మా ఆయన పేరు మీద కట్టాం. ఫిబ్రవరి అడ్వాన్సు మీదిది 2024-25 లెక్కలోది. ఆ ఏడాది రిటర్న్ గడువు జులై 31 నుంచి సెప్టెంబర్‌కి పొడిగించారు కాబట్టి మాకు అదే రిటర్న్‌లో పట్టింది. జులైలో కట్టిన దాని మీదిది 2026లో వేసే రిటర్న్‌లోకి వెళ్తుంది. జీతం వచ్చేవాళ్లయితే అప్పట్లో ఫారం 12బీఏఏ ఇచ్చి, తమ జీతంలో కోసే పన్నులోనే (టీడీఎస్) ఇది సర్దించుకునే వీలుండేది. నా పేరు మీద కట్టి ఉంటే ఈపాటికి వచ్చేసేది.

ఇన్సూరెన్స్ ప్రీమియం వాపసు వచ్చింది. పాలసీ మొదలయ్యే తేదీకి ముందే రద్దు చెయ్యమని అడిగాం. ప్రయాణం చెయ్యలేదని చూపించడానికి పాస్‌పోర్ట్ పేజీలన్నీ స్కాన్ చేసి పంపమన్నారు. కొంత చార్జీ పట్టుకుని మిగతాది వేశారు. ట్రిప్ రద్దు కవర్ ఉంది కదా, వీసా ఖర్చు దాని కింద వస్తుందా అని అడిగితే మా పాలసీలో రాదన్నారు. అది మన అనారోగ్యం, కుటుంబంలో మరణం లాంటి కారణాలకేనట. ఓడ కంపెనీ రద్దు చేస్తే వర్తించదు. పాలసీ కొనేటప్పుడు ఈ పేజీ చూసి ఉన్నాను కాబట్టి నిరాశ పడలేదు. బావగారు మాత్రం అక్కడ కొంచెం ఆశ పెట్టుకున్నారు. ఆయన విమానం టిక్కెట్లకి బేస్ ఫేర్ పోయింది, పన్నుల భాగం వెనక్కి వచ్చింది.

మరి ఆ వీసాలతో ఏం చెయ్యాలి? వాటి మీదున్న తేదీల్లో ఇటలీకి ఓడ లేకుండా కూడా వెళ్లొచ్చు, ముఖ్య గమ్యం ఇటలీయే కాబట్టి అభ్యంతరం ఉండదు. మా ఆయన ఒక సాయంత్రం రైళ్ల రేట్లు, హోటళ్ల రేట్లు చూశారు. ఓడలో తిండి, పడక, ప్రయాణం అన్నీ కలిసి వచ్చేవి, ఇక్కడ విడివిడిగా కొంటే లెక్క ఎక్కడికో పోతోంది. అత్తగారి మోకాళ్లకి అన్ని స్టేషన్లు మారడం కూడా కష్టం. మానేశాం. వీసా వాడకుండా వదిలేస్తే తర్వాత ఇబ్బంది అవుతుందేమోనని అక్క భయపడింది. వాడకపోవడం నేరం కాదు. రద్దు మెయిల్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోవాలి, తర్వాతి దరఖాస్తులో కారణం అడిగితే చూపించడానికి. ఒక నష్టం మాత్రం ఉంది. 2024 ఏప్రిల్‌లో ఇండియా వాళ్లకి షెంజెన్ నిబంధనలు కాస్త సడలించారు. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడినవాళ్లకి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ ఇచ్చే అవకాశం ఉంది. వాడని వీసా ఆ లెక్కలోకి రాదు.

మొత్తం మీద మా నలుగురికీ నిజంగా పోయింది వీసా రుసుము, సర్వీసు చార్జీలు, ఏజెంట్ ఫీజు, అనువాదాలు, నోటరీ, కోల్‌కతా రాను పోను, అక్కడి లాడ్జి. జూన్‌లో కాగితం మీద రాసుకున్న నలభై అయిదు వేలకి కొంచెం తక్కువే, ఇన్సూరెన్స్ వెనక్కి వచ్చింది కాబట్టి. కోల్‌కతాలో బాబుకి ట్రామ్ ఎక్కించాం, అది ఖర్చులో వెయ్యడం లేదు.

బావగారు వాపసు తీసుకోలేదు. కంపెనీ ఇచ్చిన క్రెడిట్‌తో 2026 ఏప్రిల్ తేదీకి మార్చుకున్నారు. వాళ్లిద్దరికీ వీసా రుసుము మళ్లీ కొత్తగా కట్టాలి. అయితే ఒకసారి తీసుకున్న వేలిముద్రలు 59 నెలల దాకా మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి ఆ పని మాత్రం రెండోసారి ఉండకపోవచ్చు. మమ్మల్నీ రమ్మంటున్నారు. మా బాబుకి ఈ మార్చిలో పన్నెండు నిండుతాయి. ఇక వాడికి కూడా 90 యూరోలు, వేలిముద్రలు కూడా. ఇంకా ఏమీ చెప్పలేదు ఆయనకి.